పండుం అయ్యేదాకా

ఈ ఏడు మా ఇంట్లో ఆవకాయ ఆలస్యమైంది. కాయలు గంపలో ఉన్నాయి, కారం ఆడించడమైంది, నూనె డబ్బా భద్రాచలం నుంచి వచ్చి మూలన కూర్చుంది. మా అమ్మ మాత్రం కత్తిపీట దించలేదు. రోజూ పొద్దున నేను షాపు షటర్ ఎత్తబోతుంటే లోపల్నుంచి ఒకటే మాట.

"వాళ్ళ పండుం అయిందో లేదో కనుక్కోరా. కాయలు ముదిరిపోతున్నయ్."

మేం తాతల నాటి నుంచి సరిహద్దుకు ఇవతల, హిందీ నడిచే కోంటాలో దుకాణం పెట్టుకుని బతుకుతున్న తెలుగువాళ్ళం. పండుం ఇక్కడి దోర్లా ఆదివాసులది. కొత్తగా కాసిన మామిడికాయను ముందు చనిపోయిన పెద్దలకు పెట్టి, ఆ తర్వాతే బతికున్నవాళ్ళు నోట్లో వేసుకునే పండుగ. దానికీ మా జాడీకీ ఏ సంబంధమూ ఉండేది కాదు. సంబంధం కలిపిన మనిషి పోయిన వానాకాలంలో జ్వరంతో పోయింది. దారిలో వాగు పొంగి ఉంటే, అది తగ్గేదాకా ఊళ్ళోనే ఉంచాల్సి వచ్చిందట. తగ్గేసరికి ఆసుపత్రికి మోసుకు రావాల్సిన అవసరం లేకపోయింది.

ఆమె పేరు రాయను. పుస్తకాల మీద ఉన్నది కూడా ఆమె అసలు పేరు కాదు. బడి పిల్లలు మేడమ్ అనేవాళ్ళు, నేను టీచర్ అనేవాణ్ణి. ఆమె నన్ను మామూలుగా అన్నా అనేది. కోపం వస్తే సేట్ అనేది. నాది జిరాక్సు, లామినేషను, టైపింగు షాపు. దాన్ని పట్టుకుని సేట్ అంటే ఎవరైనా నవ్వుతారు. ఆమె నవ్వకుండానే అనేది.

కోంటా దగ్గర ఆడపిల్లల ఆశ్రమశాలలో ఆమె అతిథి టీచరు. అతిథి అంటే ఏటేటా పని ఉంటుందో ఊడుతుందో తెలియని టీచరని అర్థం. పాఠాలు హిందీలో చెప్పేది, పిల్లల్ని దోర్లీలో తిట్టేది, కథలు తెలుగులో రాసేది. చిన్నప్పుడు వాళ్ళ ఊరు తగలబడితే తల్లితో కలిసి సరిహద్దు దాటిపోయింది. తెలంగాణ అడవిలో గుడిసెల్లో పెరిగి, అక్కడి బళ్ళో తెలుగు నేర్చుకుంది. ఊరు తగలబెట్టింది ఏ పక్క వాళ్ళో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఇక్కడ దుకాణం నడపాలంటే కొన్ని ప్రశ్నలు మరిచిపోవడం మంచిది.

రాసేది అని చెప్పాను గానీ ఆమె కలం పట్టడం నేను చూడలేదు. ఆదివారం సంత రోజున మధ్యాహ్నం వచ్చేది. కుర్చీ చూపిస్తే కూర్చునేది కాదు. గుమ్మంలో నాకు వీపు పెట్టి, రోడ్డు చూస్తూ నిలబడి చెప్పేది. నేను టైపు చేసేవాణ్ణి. కోంటాలో తెలుగు టైపింగు నాకొక్కడికే వచ్చు. గొప్పేం కాదు, అడిగేవాళ్ళు లేని విద్య. మధ్యలో ఎవరైనా ఆధార్ జిరాక్సుకు వస్తే వాక్యం సగంలో ఆపేసి చింతకాయ చప్పరిస్తూ నిలబడేది. ఆ మనిషి వెళ్ళగానే ఆపిన మాట తర్వాతి మాట నుంచి అందుకునేది. "ఎక్కడ ఆపాం?" అని ఆమె అడగదు, నేను గుర్తు చేయక్కర్లేదు. అది చూసి నేను లోలోపల కొంచెం కుళ్ళుకునేవాణ్ణి. నాకు షాపు తాళం ఎక్కడ పెట్టానో గుర్తుండదు.

ఆమె కథలో పిల్ల పేరు ఊంగి. మొదటి భాగం అంతకుముందే ఖమ్మంలో అచ్చయింది. అందులో ఒక కొండ మీద రాత్రే ఒక రాక్షసిలా వచ్చి కూర్చుని కదలనంటుంది. పొయ్యిల్లో నిప్పు రాజుకోదు, కోడి కూయదు, గింజ మొలకెత్తదు. ఊంగి సొరకాయ బుర్ర పట్టుకుని కొండెక్కి ఆ రాత్రినంతా తాగేస్తుంది. ఊరికి తెల్లారుతుంది. అక్కడితో పుస్తకం అయిపోయింది. ఆశ్రమశాల పిల్లలు దాన్ని అట్టలు ఊడేదాకా చదివి, ఆ తర్వాత ఏమైందని ఆమె ప్రాణం తోడేశారు. అందుకని రెండో భాగం మొదలైంది. తాగిన రాత్రి ఎక్కడికీ పోలేదు. ఊంగి పక్కటెముకల కింద ఇల్లు కట్టుకుంది. ఊంగి కోపంగా దేన్ని చూస్తే అది బూడిదవుతుంది. దాన్ని ఎలా అదుపులో పెట్టుకుంటుందన్నదే రెండో భాగం.

ఊంగి మాటలు చెప్పేటప్పుడు ఆమె గొంతు గట్టిగా, సంతలో బేరమాడుతున్నట్టు ఉండేది. రాత్రి మాటలు వచ్చినప్పుడు మాత్రం రోడ్డు వైపు నుంచి గోడ వైపు తిరిగేది. గొంతు తగ్గించి, ఎంతో ముద్దుగా చెప్పేది. నేను మొదట్లో అభ్యంతరం పెట్టాను.

"ఏంది టీచర్, అది రాక్షసి కదా. కాస్త భయంగా మాట్లాడించండి."

"భయపెడ్తే ఎవరు వింటరన్నా? నీలోపల ఉన్నది నీతోని ఎట్ల మాట్లాడ్తది? మంచిగనే మాట్లాడ్తది. నీకోసమే చెప్తున్న అంటది."

నా లోపల అలాంటిదేం లేదని చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి నన్ను ఓసారి చూసి మళ్ళీ రోడ్డు చూసింది.

మామిడికాయల సంగతి అప్పుడే మొదలైంది. మా ఇల్లు షాపు వెనకే. అమ్మ కొత్త కాయ కోసి, ఉప్పూ కారం అద్ది పళ్ళెంలో పంపేది. ఆమె ముట్టుకునేది కాదు. ఇంకా పండుం కాలేదేమో అనుకున్నాం. తీరా ఊళ్ళన్నిటా పండుం అయిపోయింది, ఆశ్రమశాల పిల్లలు కాయలు కొరుక్కుంటూ షాపు ముందే తిరుగుతున్నారు, ఆమె మాత్రం పళ్ళెం వెనక్కి పంపేస్తోంది.

"పండుం అయింది కదా టీచర్."

"వాళ్ళది అయింది. మాది కాలే."

"మీదెప్పుడు మరి?"

"తెల్వదు."

ఏడాది తిరిగింది. మళ్ళీ కాయలొచ్చాయి, మళ్ళీ అదే జవాబు. ఆమెకు కడుపులో మంట, చెప్పుకోవడానికి మొహమాటం అని నేను తేల్చేశాను. ఒకసారి జీలకర్ర సోడా కూడా తెప్పించాను. తాగింది. బాగుందంది. కాయ మాత్రం ముట్టలేదు. మా అమ్మ దాన్ని తన చేతివంటకు జరిగిన అవమానం కింద తీసుకుని, ఒకరోజు ఆమె వెళ్తుండగా ఒక చిన్న జాడీ ఆవకాయ సంచిలో పెట్టేసింది. ఆ జాడీ మూత తీయకుండా ఆశ్రమశాల కిటికీలో ఉందని పిల్లలు చెప్పారు. అమ్మ కొన్నాళ్ళు ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఆ సంగతి గమనించిందో లేదో కూడా నాకు తెలియదు.

కథలోనూ అంతే. ఊంగి ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకరు తినడానికి పెడతారు, ఊంగి తినదు. నేను విసుక్కున్నాను.

"ఈ పిల్ల తిండి లేకుండా ఎట్లా బతుకుతోంది?"

"కోపం తిని బతుకుతాంది. బలం వస్తది దాంతోని. చానా రోజులు వస్తది."

ఇక ఆ ఆదివారం. పుస్తకం చివరికొచ్చింది. ఊంగి ఊరిని పూర్వం ఒకడు శత్రువులకు చూపించాడు. అతని గుడిసె ఎక్కడుందో ఊంగికి తెలిసింది. టీచర్ గోడ వైపు తిరిగి రాత్రి మాటలు చెబుతోంది. "నువ్వేమీ చెయ్యొద్దు తల్లీ. నీ చేతికి మసి అంటదు. ఊరికే ఒకసారి చూడు. మిగిలింది నేను..."

అంతలో ఒక ముసలాయన ఆధార్ కార్డు పట్టుకుని లోపలికొచ్చాడు. ఆమె వాక్యం ఆపింది. నేను కార్డు మిషన్ మీద పెట్టాను. ఆయన ఆమెను చూసి, ఇక్కడివాళ్ళంతా కొత్త మనిషిని అడిగినట్టే, ఏ ఊరు పిల్లవని దోర్లీలో అడిగాడు. నాకు సంతకు సరిపడా దోర్లీ వచ్చు కాబట్టి అంతా అర్థమవుతూనే ఉంది. ఆమె ఊరి పేరు చెప్పింది. తండ్రి పేరు చెప్పింది. ఆయన తన పేరు చెప్పాడు.

ఆమె మొహం నాకు కనబడింది. ఆ మొహం నేను మరిచిపోలేదు.

ఆయన ఆమెకు చిన్నాయన. తండ్రి సొంత తమ్ముడు. ఊరు తగలబడిన రోజు వచ్చినవాళ్ళకు ఇళ్ళు చూపించింది ఆయనే. ఇష్టపడి చూపించాడో, మెడ మీద తుపాకి పెడితే చూపించాడో ఆమె తల్లికి కూడా తెలియదట. తండ్రి ఆ రోజే పోయాడు. ఇదంతా ఆమె నాకు తర్వాత చెప్పింది. అప్పుడు నాకు తెలిసిందల్లా షాపులో గాలి ఆడటం లేదన్నది మాత్రమే.

ముసలాయన నేల చూస్తూ చెప్పాడు.

"ఆనకుండ నా దగ్గరున్నది. ఇల్లు కాలేముందే లోపలికి పోయి ఎత్తుకొచ్చిన. ఏటేటా కొత్త కాయ పెడ్తనే ఉన్న. మీ నాయినను గూడ అండ్లనే కలిపిన."

దోర్లా వాళ్ళ ఇంట్లో లోపలి గదిలో, వెలుతురు తగలని మూలన ఒక మట్టికుండ ఉంటుంది. వంశంలో చనిపోయినవాళ్ళంతా అందులో ఉంటారని వాళ్ళ నమ్మకం. దాన్నే ఆనకుండ అంటారు. కొత్త పంట ముందు దాని ముందు పెట్టాలి. ఆ కుండ ఇంటితోపాటే కాలిపోయిందని, తన వాళ్ళకు పెట్టే దిక్కు లేదని ఆమె అనుకుంటోంది. వాళ్ళు తినకుండా తను తినకూడదని ఇన్నేళ్ళూ కొత్త కాయ ముట్టలేదు. ఈయన చూస్తే ఇన్నేళ్ళూ పెడుతూనే ఉన్నాడు.

ఊరట కలుగుతుందని ఎవరైనా అనుకుంటారు. ఆమె చెయ్యి నా కాగితాల కత్తెర మిషన్ పిడి మీదికి వెళ్ళింది. మూర పొడుగు బ్లేడు దానికి. పిడి పైకెత్తింది. ముసలాయన రెండు చేతులూ బల్ల మీదే పెట్టుకుని ఉన్నాడు, బ్లేడుకు దగ్గరగా. తీయలేదు.

ఆమె పక్కనున్న తెల్లకాగితాల కట్ట తీసి బ్లేడు కింద పెట్టింది. సన్నగా ఒక పీలిక కోసింది. ఇంకోటి కోసింది. కోస్తూనే ఉంది. కట్టంతా అలా పీలికలై కాళ్ళ దగ్గర పడింది. ఎంతసేపో నేను చెప్పలేను. ముసలాయన కదల్లేదు. చివరికి ఆమె అతని ఆధార్ జిరాక్సు మిషన్‌లోంచి తీసి, అంచులు తిన్నగా కత్తిరించి, కార్డుతో కలిపి బల్ల మీద పెట్టింది.

"పో."

ఆయన వెళ్ళాడు. ఆమె గుమ్మంలో నిలబడి రోడ్డు చూసింది. నేను కీబోర్డు మీద వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాను.

"ఎక్కడ ఆపినం?" అంది.

ఆమె ఆ మాట అడగడం అదే మొదలు. చెప్పాను. విన్నది గానీ ముందుకు సాగలేదు. ఒక కట్ట కాగితాలు బాకీ అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలా ఆదివారాలు రాలేదు.

ఖమ్మం నుంచి ప్రచురణకర్త ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. పుస్తకం చివర ఊంగి రాత్రిని ఓడించాలట, లోపల్నుంచి వెలుగు తన్నుకుని రావాలట. ఆశ్రమశాల పిల్లలు వచ్చి గుమ్మంలో నిలబడేవాళ్ళు. వాళ్ళ కోరిక ఇంకా తేలిక. ఆ చూపించినవాణ్ణి బూడిద చెయ్యాలి. నాకు అప్పటికి కథ సంగతి పట్టలేదు. ఆమె ఎక్కడుందో, ఏం చేస్తోందో అని భయపడ్డాను. పోలీసు జీపు షాపు ముందు ఆగితే ఆ వార్తే అనుకునేవాణ్ణి. పోలీసులు నాలుగు కాగితాలు జిరాక్సు తీయించుకుని వెళ్ళేవాళ్ళు.

మామిడికాయలు వచ్చాక ఒక ఆదివారం వచ్చింది. షాపులోకి రాకుండా నేరుగా వెనకకు, మా వంటింట్లోకి వెళ్ళింది. నేను పరుగెత్తుకుని వెళ్ళేసరికి పీట మీద కూర్చుని ఉంది. ఆమె కూర్చోవడం కూడా నేను అప్పుడే చూశాను.

"అమ్మా, కాయ కొయ్యి," అంది.

మా అమ్మ కోసింది. ఆమె ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని మొహమంతా ముడుచుకుంది. ఉప్పు వెయ్యమంది. వేశాక ఇంకా వెయ్యమంది. ఆ తర్వాత గిన్నెలో ఉప్పు తానే తీసుకుని అద్దుకుంటూ కాయంతా తినేసింది.

"ఇంత ఉప్పేందే, బీపీ వస్తది," అంది మా అమ్మ.

"ఉప్పు లేంది నాకెక్కదమ్మా."

చిన్నాయన ఇంటికి వెళ్ళారా అని మాత్రం అడిగాను.

"పోయిన. కుండ ముందల కూసున్న. ఆయన్తోని మాట్లాడలే. ఆయన పెట్టింది తిన్న. వచ్చిన."

ఆ మధ్యాహ్నమే చివరి అధ్యాయం చెప్పేసింది. రోడ్డు వైపూ కాదు, గోడ వైపూ కాదు, నా వైపు తిరిగి చెప్పింది. ఊంగి ఆ గుడిసెకు వెళుతుంది. లోపలి గది చీకటిగా ఉంటుంది. అక్కడ కూర్చుంటుంది. రాత్రి ఒక్క చూపు చాలని బతిమాలుతుంది. ఊంగి దాన్ని కక్కేయదు, చంపదు. "నువ్వు నా ఇంట్లోనే ఉంటావు. లోపలి గదిలో మూలన నీ చోటు. అన్నం నేను పెడతాను. తలుపు కూడా నేనే తీస్తాను, నువ్వు కాదు," అంటుంది. రాత్రి చాలాసేపు గొణిగి ఊరుకుంటుంది. ఊంగి బయటికొచ్చి ముఖం కడుక్కుంటుంది. అంతే.

ప్రచురణకర్త ఒప్పుకోలేదు. ఇది గెలుపు కాదన్నాడు. ఆమె నా ఫోను లాక్కుంది.

"గెలిచిందని నేను చెప్పలే కద సార్. ఉన్నదాన్ని ఉంచుకుని బతుకుతాందన్న. చెడగొట్టి అచ్చేస్తే పుస్తకమే వద్దు."

ఫోను పెట్టాక నేను ఊరుకోలేక అడిగాను. ఊంగి ఆ మనిషిని క్షమించినట్టేనా అని.

"క్షమించిందని యాడ టైపు చేసినవో చూపించు సేట్."

వెతికాను. ఎక్కడా లేదు. పుస్తకం ఆమె చెప్పినట్టే అచ్చయింది. బూడిద కాలేదని పిల్లలు కొన్నాళ్ళు అలిగారు. ఇప్పుడు ఆశ్రమశాలలో ఏ పిల్లకైనా ఒళ్ళు మండితే మిగతావాళ్ళు "తలుపెయ్యి, తలుపెయ్యి" అంటున్నారట. అంతకు మించిన సమీక్ష నేను చదవలేదు.

ఆ తర్వాత ప్రతి ఏడూ పండుం అయ్యాకే మా ఇంటికి వచ్చి కాయ తినేది. ఆ కబురు ఆమే తెచ్చేది. మా అమ్మ ఆ రోజే ఆవకాయకు కాయలు కోసేది. ఎందుకని అడిగితే, ఆ పిల్ల తినకముందు కోస్తే చేతులు ఆడటం లేదంది. అలా పడింది ముడి. ఈ ఏడు కబురు తెచ్చే మనిషి లేదు. ఎవర్ని అడగమంటుందో అమ్మకే తెలియదు. నేను రోజూ సరేనని షటర్ ఎత్తేవాణ్ణి.

పోయిన ఆదివారం ఆ ముసలాయన వచ్చాడు. చేతిలో కార్డు లేదు, ఆకు పొట్లం ఉంది. నన్ను గుర్తుపట్టినట్టు తలాడించి పొట్లం బల్ల మీద పెట్టాడు. ఆ రోజు ఆయన చేతులు పెట్టిన చోటే.

"పండుం అయింది. ఏటా నీకు చెప్పేదట. అందుకే వచ్చిన."

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"పెండ్లి కాని పిల్లను ఆనకుండలో కలపొద్దని కొందరన్నరు. నేను ఊకోలే. మా అన్న పక్కన కలిపించిన. ఆమె నాతోని ఒక్కసారి గూడ మాట్లాడలే. ఏటా వచ్చేది, తినేది, పోయేది. ఈసారి మొదటి ముక్క ఆమెకే పెట్టిన. ఆమె తిన్నంక మేం తిన్నం."

ఆయన వెళ్ళాక నాకు ఏడుపొచ్చింది. జిరాక్సుకు వచ్చినతను మిషన్ పాడైందా అని అడిగితే అవునన్నాను.

పొట్లం పట్టుకుని లోపలికి వెళ్ళాను. "అమ్మా, కత్తిపీట దించు. పండుం అయింది. ముందు టీచరుకు పెట్టారట," అన్నాను.

మా అమ్మ చెయ్యి కడుక్కుంటున్నదల్లా ఆగింది.

"ఉప్పు పెట్టిన్రా? అడిగినవా?" అంది. "ఉప్పు లేంది ఆ పిల్లకెక్కదు."